నన్నెవరూ అడగలేదు

నా పేరు నలోక్సోన్. వేలెడంత గాజు ఆంప్యూల్‌ని. లోపల ఒక్క మిల్లీలీటరు మందు, అందులో 400 మైక్రోగ్రాముల సరుకు. ఏ ఫ్యాక్టరీలో నింపారో చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. నడిగూడెం, మునగాల, కోదాడ జనం వచ్చే ఓ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ ట్రే చివరి గడి నాది.

పక్క గడి అట్రోపిన్‌ది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊళ్లివి. పురుగుమందు తాగినోళ్లు వస్తే రాత్రంతా అట్రోపిన్ ఆంప్యూళ్లు టక్కుటక్కున విరుగుతూనే ఉంటాయి. తెల్లారేసరికి గడి ఖాళీ, మధ్యాహ్నానికి మళ్లీ నిండుతుంది. నన్ను మాత్రం అప్పుడప్పుడూ తీసి, తేదీ చూసి, దుమ్ము తుడిచి అక్కడే పెడతారు. ఆ తుడుపులకే లేబుల్ మీద నా పేరు సగం చెరిగింది.

చేతగాక కూర్చున్నదాన్ని కాదు. 1961లో అమెరికాలో జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టీన్ నా మీద పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1971లో వాడకానికి అనుమతి వచ్చింది. మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటానిల్, అన్నీ నల్లమందు జాతివే. మోతాదు మించితే ఊపిరి తీసుకోవాలన్న సంగతే మెదడు మరిచిపోతుంది. నేను వెళ్లి వాటిని ఆ చోటు నుంచి నెట్టేస్తాను. రెండు మూడు నిమిషాల్లో మనిషి గట్టిగా గాలి పీలుస్తాడు. అయినా ఫిష్‌మన్ భార్య కొడుకే 2003లో మత్తుమందు మోతాదు మించి పోయాడు. నన్ను కనిపెట్టిన ఇంటికే నేను అందలేకపోయాను.

ఇక్కడా ఓ రాత్రి అదే జరిగింది. ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద మూడోవాణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని వచ్చారు. "తాగి పడిపోయిండు సార్" అన్నారు, బండి తిప్పుకుని పోయారు. పిల్లాడి గొంతులో గురగుర, పెదాలు నీలం, కంటిపాపలు సూదిమొనంత. నోట్లో మందు వాసన లేదు. అయినా సెలైన్ పెట్టారు. నేను రెండు మూరల దూరంలో ఉన్నాను. జేబులో నొప్పి మాత్రల ఖాళీ స్ట్రిప్పు బయటపడేసరికి వాణ్ని సూర్యాపేట అంబులెన్స్ ఎక్కించేశారు. ఏమయ్యాడో నాకెవరూ చెప్పలేదు. పోలీసులకు భయపడి ఆ దోస్తులు మింగిన ఒక్క మాట మీదే నాకు కోపం.

అలాంటి నొప్పి మాత్రే అయిన ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. మన దేశంలో తయారై పశ్చిమాఫ్రికా కుర్రాళ్లను పాడుచేస్తున్న టాపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రలకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతులు రద్దు చేసింది. మన పిల్లలు చదువుకోను పోయే అమెరికాలోనైతే నొప్పి మాత్రలా కనిపించే నకిలీ బిళ్లలో ఫెంటానిల్ కలుపుతున్నారు. అది రెండు మిల్లీగ్రాములు చాలు ప్రాణం తీయడానికి. అక్కడ 2022లో లక్షమందికి పైగా మత్తుమందుల మోతాదు మించి చనిపోయారు. 2023లో నా ముక్కు స్ప్రేని చీటీ లేకుండా అమ్మనిచ్చారు.

నాతో కానిదీ ఉంది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు జనం ప్రాణాలు తీసింది. అందులో తేలిన ఆల్ప్రజోలం మీద నేను పనిచేయను. అందుకే ఏం మింగాడో, అందులో ఏం కలిసిందో తెలియాలి. తెలియకపోయినా ఊపిరి అందిస్తూ నన్ను ఇచ్చి చూడొచ్చు, నావల్ల కీడు తక్కువ.

ఈ నెలాఖరుకి నా గడువు తీరిపోతుంది. "వాడనేలేదు కదా సిస్టర్, మళ్లీ ఎందుకు?" అన్నారు స్టోర్‌లో. "వాడలేదు కాదు సార్, వాడాలని మనకు తట్టలేదు" అంది సిస్టర్. నా బలం అరగంట నుంచి గంటన్నర. నేను దిగిపోయాక మింగిన మాత్ర మళ్లీ పైకి లేస్తుంది, రెండోది పొడవాలి, ఒక్కోసారి మూడోది. ఆమెకు అది తెలుసు. ఇండెంటు పుస్తకంలో నా పేరు ఎదురుగా ఉన్న 2 కొట్టేసి 10 అని రాసింది. పైన సంతకం ఇంకా పడలేదు.