బంధువులూ బ్రేకు ప్యాడ్లూ

రేణిగుంటలో కాపురమున్నవాడికి బండి ఉండకూడదు. ఉన్నా ఆ సంగతి చుట్టాలకు తెలియకూడదు. మద్రాసు నుంచి బొంబాయి వైపు పోయే రైళ్లలో చాలావాటికి తిరుపతితో పనిలేదు. మా జంక్షన్‌లో కాసేపు ఆగి, అటునుంచటే కడప దారి పడతాయి. వాటిలోంచి దిగిన ప్రతి చుట్టానికీ మొదట ఏడుకొండలవాడు గుర్తొస్తాడు, ఆ వెంటనే నా ఫోన్ నంబరు గుర్తొస్తుంది. "నాయనా, స్టేషన్ బయటే ఉండాం. కొండకు నువ్వు తోడొస్తే బాగుంటాదని..." అంటారు. నేను రాకపోయినా ఫరవాలేదు, బండి వస్తే చాలు. కానీ బండి ఒంటరిగా రాదు కదా!

అందుకే మా మెకానిక్ భాయ్ నా బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, లోపలికి తొంగిచూసి, ఆ నెలలో మా ఇంటికి ఎంతమంది వచ్చిపోయారో ఇంచుమించుగా చెప్పేస్తాడు. జాతకం చెప్పేవాళ్లకు చెయ్యి కావాలి. ఈయనకు బ్రేకు ప్యాడ్లుండే క్యాలిపర్ చాలు.

ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయని అడగని బండివాడు ఉండడు. విడిభాగాల షాపులో అడిగితే పదివేల నుంచి ఇరవైవేల దాకా అంటారు. పెళ్లికొడుకు జీతం కూడా ఇంత విశాలంగా చెప్పరు. భాయ్‌ని అడిగితే అసలు జవాబే చెప్పడు, తిరిగి మనల్నే అడుగుతాడు: "తోలేది ఎవురు సార్?"

ఇంతకు మించిన శాస్త్రం లేదు. కరకంబాడి రోడ్డులో ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయే మా పక్కింటాయన ఇంట్లోంచి పది నిమిషాలు ముందే బయలుదేరతాడు. దూరంలో గేదె కనబడితే అప్పుడే యాక్సిలరేటర్ వదిలేస్తాడు. బండి గేదె దగ్గరికొచ్చేసరికి గేదె రోడ్డు దాటి ఉంటుంది. ఆయన ప్యాడ్లు ఎప్పుడు మార్చాడో ఆయనకే గుర్తులేదు. మా బామ్మర్దికి మాత్రం స్పీడ్ బ్రేకర్ కనబడగానే ముందు యాక్సిలరేటరే గుర్తొస్తుంది. దాని నెత్తిమీదికొచ్చాక బ్రేకు. 40 స్పీడులో వచ్చి ఆగేదానికీ, 60లో వచ్చి ఆగేదానికీ స్పీడులో తేడా సగమే అనిపిస్తుంది గానీ, ప్యాడ్ల మీద పడే భారం రెట్టింపు దాటుతుంది. వాడికి ఇది చెబితే, "నువ్వు లెక్కల మాస్టరువి కావాల్సింది బావా" అన్నాడు. పొగిడాడనే అనుకుంటున్నాను.

అసలు కథ కొండ దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు ఆయాసమంతా ఇంజనుది, బ్రేకు గోవిందా అనుకుంటూ కూర్చోవచ్చు. మనం దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. 1974లో రెండోది వచ్చాక ఎక్కేవాళ్లను దానిమీదికి పంపి, ఇది దిగేవాళ్లకు వదిలేశారు. 19 కిలోమీటర్లు, 36 మలుపులు. ఒక రాత్రి చుట్టాల గురకకు నిద్ర పట్టక లెక్క వేశాను. బండి 130 కిలోలు, నేనూ నా వెనక పెదమామా కలిసి 140. మొత్తం 270. తిరుమల నుంచి అలిపిరికి ఆరువందల మీటర్ల పైచిలుకు ఎత్తు దిగాలి. ఇంత బరువు అంత ఎత్తు దిగి కింద క్షేమంగా నిలబడాలంటే ఆ శక్తంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. ఆ వేడితో ఐదు లీటర్ల చన్నీళ్లు సలసల కాచొచ్చు. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే అందులో చాలా భాగం ఇంజను మోస్తుంది, కొంత గాలి పంచుకుంటుంది. న్యూట్రల్‌లో దిగితే మాత్రం ఆ పొయ్యి దాదాపుగా బ్రేకుల కిందే, అందులోనూ ఎక్కువగా అగ్గిపెట్టెకన్నా పెద్దవేం కాని ఆ రెండు ముందు ప్యాడ్ల కిందే. పెదమామ ఒళ్లోని లడ్డూల బరువు ఇందులో కలపలేదు.

ఈ న్యూట్రల్ భక్తులది వేరే సంప్రదాయం. మా బామ్మర్ది అందులో ముఖ్య శిష్యుడు. "కొండ దిగేదానికి పెట్రోలు ఏంటికి బావా? స్వామే దించుతాడు" అంటాడు. స్వామి దించుతాడు సరే, ఆపాల్సింది ఎవరు? పైగా ఆ పెట్రోలు లెక్క కూడా తప్పే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే చాలా బండ్లలో పెట్రోలు సరఫరా దానంతటదే ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో దిగేవాడి ఇంజను ఆగిపోకుండా ఉండాలి కనుక బొట్టుబొట్టుగా తాగుతూనే దిగుతుంది. అంటే వాడు పెట్రోలూ పోగొట్టుకుంటాడు, ప్యాడ్లూ పోగొట్టుకుంటాడు, పొదుపు చేశానన్న తృప్తి మాత్రం ఇంటికి తెచ్చుకుంటాడు.

దీనికి తోడు కొండమీద టైము లెక్క ఒకటుంది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి. అంతకన్నా ముందే వచ్చేస్తే జరిమానా. మావాడు మలుపు మలుపునా బ్రేకు పిసుకుతూ రయ్యిన దిగొచ్చి, చివర్లో ఒక చెట్టుకింద బండి ఆపి, మిగిలిన నిమిషాలు పూర్తయ్యేదాకా ఫోన్ చూసుకుంటాడు. అక్కడ వాడికి తోడు చాలామందే ఉంటారు. కాల్చిన ప్యాడ్ల వాసన కూడా కమ్మగా అందరికీ సమానంగా వస్తుంది.

మా నాయనది దీనికి పూర్తిగా ఎదురు దారి. ఆయన జీవితంలో ముందు బ్రేకు ముట్టలేదు. ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందని ఆయనకు ఎవరో చెప్పారు. ఆయన మాకందరికీ చెప్పారు. నిజానికి బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు తూలుతుంది. ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. వెనక చక్రం తేలికపడి జారడానికి సిద్ధంగా ఉంటుంది. అయినా ఆయన ముట్టడు కనుక ఆయన పాత బండికి ముందు బ్రేకు కొత్తదానిలా ఉండేది, వెనక డ్రమ్ములో లైనర్లు మాత్రం ఎప్పుడూ చావుబతుకుల్లో ఉండేవి. ఇలా దశాబ్దాలు నిలబెట్టుకున్న వ్రతాన్ని చివరికి ప్రభుత్వం చెడగొట్టింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, అంతకు మించినవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఆయన కొత్త బండిలో వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా గమ్మున పనిచేసేస్తుంది. ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ వయసులో ఎందుకని.

మొన్న బామ్మర్ది నా బండి తీసుకుని అత్తగారి తరఫు వాళ్లను కొండకు తిప్పి తెచ్చాక, ముందు చక్రం గరగరమంది. భాయ్ క్యాలిపర్ బోల్టులు రెండూ విప్పి, పిన్ను లాగి, ప్యాడ్లు అరచేతిలో వేసుకున్నాడు. కొత్త ప్యాడ్ మీద అడ్డంగా ఒక గాడి ఉంటుంది. అది కనబడినంతకాలం ప్రాణముందని, చెరిగిపోతే మార్చమని గుర్తు. బయటి ప్యాడ్ మీద గాడి ఆనవాలు ఇంకా వెంట్రుకంత ఉంది. లోపలిది అరిగి అరిగి ఒకపక్క ఇనుప రేకు తళతళలాడుతోంది. "ఏంది సార్, రేకు తేలిపోయిండాదే! ఒగటి ఉపాసం, ఇంగోటి ఇందు భోజనం" అన్నాడు. క్యాలిపర్ జారే పిన్ను దుమ్ముకు బిగుసుకుపోతే ఇలా ఒక ప్యాడే పనంతా చేస్తుందట. మా ఇంట్లోనూ అంతే కనుక నాకు వెంటనే అర్థమైంది.

డిస్కును గోటితో తడిమి చూశాడు. గీతలు పడ్డాయి గానీ లోతుగా లేవు. డిస్కు అంచున కనీస మందం ఎంతుండాలో అచ్చు కొట్టి ఉంటుంది. అంతకు తగ్గితే అదీ మార్చాల్సిందే. ప్యాడ్ల జత వందల్లో పోతుంది, డిస్కు వేలల్లోకి తీసుకెళుతుంది. తర్వాత పిస్టన్ను వెనక్కి నెట్టాడు. హ్యాండిల్ మీది డబ్బాలోంచి బ్రేకు ఆయిలు పొంగి ట్యాంకు మీద కారింది. భాయ్ పరుగున నీళ్లు పోసి కడిగి, "ఆయిలు ఎవురు పోసింది?" అని అరిచాడు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిలు దిగుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. తగ్గిందంటే ముందు ప్యాడ్లు చూసుకోవాలి. మావాడు ఆ తగ్గుదల చూసి పుణ్యానికి పోయి నింపిపెట్టాడు. ఆ ఆయిలు రంగును తినేస్తుందని వాడికి తెలియదు, ట్యాంకుకు తెలిసింది.

ఆయిలు కూడా మార్చాడు. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక 140కే మరిగి బుడగలు కట్టొచ్చు. ఘాట్‌లో సగం దిగాక లివరు చేతిలో మెత్తగా వచ్చేయడానికి అదొక కారణం.

ప్యాడ్లు బిగించాక తొలిసారి బ్రేకు పడితే లివరు హ్యాండిల్ దాకా వచ్చేసింది. కంగారుపడక్కర్లేదు, నాలుగైదుసార్లు పిసికితే పిస్టన్ ముందుకొచ్చి ప్యాడ్‌ను పట్టుకుంటుంది. షాపు ముందే పిసకాలి, రైల్వేస్టేషన్ రోడ్డులో బస్సు వెనక కాదు. కొత్త ప్యాడ్లు డిస్కుతో సర్దుకునేదాకా, అంటే కొన్ని వందల కిలోమీటర్ల దాకా, పూర్తి పట్టు రాదు. కాస్త కీచుమంటాయి కూడా. ఆ కీచు విని టీ తాగుతున్న ఒక పెద్దాయన లేచొచ్చి, "డిస్కు మీద రవ్వంత టెంకాయ నూనె పూయండప్పా" అన్నాడు. "గమ్మునుండు సామీ" అని భాయ్ చేతులెత్తి మొక్కాడు. డిస్కుకు నూనె పూస్తే కీచు నిజంగానే పోతుంది, దాంతోపాటు బ్రేకూ పోతుంది. నూనె పీల్చిన ప్యాడ్లు తిరిగి పనికిరావు.

అలిపిరి తనిఖీలో మందు సీసా, మాంసం, సిగరెట్టు, అన్నీ వెతుకుతారు. ప్యాడ్ల మందం ఎవరిది వాళ్లే చూసుకోవాలి. కొండకు బయలుదేరే ముందు ఫోన్‌లో టార్చి వేసి క్యాలిపర్‌లోకి ఒక్కసారి చూడండి. గాడి కనబడితే గోవిందా అనుకుని బయలుదేరండి. కనబడకపోతే బండి ఇంటిదగ్గర పెట్టి ఆర్టీసీ బస్సు ఎక్కండి. వెంట పెదమామ ఉంటే ఆయనకూ టికెట్ తీయండి.