అది చెప్పు కాదండీ, ఓర్కా!

అది నీళ్లలో తేలుతున్న చెప్పు కాదని మా ఫ్యామిలీ గ్రూపులో టైపు చేసీ చేసీ నా బొటనవేలు అరిగిపోయింది.

ఆ వీడియో ఎలా ఉంటుందో వర్ణించక్కర్లేదు, అలాంటిది మీ ఫోన్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. బూడిదరంగు నీళ్లు, గాలి హోరు, "అదిగో అదిగో" అంటూ నా గొంతు, "ఎక్కడే?" అంటూ మా ఆయన గొంతు. ఆఖర్న నల్లగా ఏదో లేచి మునుగుతుంది. అంతే. మా ఆడపడుచు అందరికంటే ముందు చూసి, "వదినా, ఎవరిదో చెప్పు జారిపోయినట్టుందే, పాపం!" అని పెట్టింది. మా మరిది ఊరుకుంటాడా? "కుడికాలిదా, ఎడంకాలిదా?" అన్నాడు. మా చెల్లెలి కొడుకు ఇంకా మీసాలు కూడా రాని వెధవ. ఎవరో ఎక్కడో తీసిన వీడియో, తిమింగలం అమాంతం గాల్లోకి ఎగిరి పడవ పక్కనే పడుతున్నది, ఒకటి పట్టుకొచ్చి "పెద్దమ్మా, ఇలా తియ్యాలి" అని నాకు పాఠం చెప్పాడు. నా వీడియోకి రావలసిన చప్పట్లన్నీ దానికి పడ్డాయి.

అయ్యా, అమ్మా, ఆ చెప్పు పొడవు ఆరడుగులు. మగ ఓర్కా వీపు మీది రెక్క 6 అడుగుల దాకా పెరుగుతుంది. మా ఆయన అయిదడుగుల నాలుగంగుళాలు. ఆయన్ని పక్కన నిలబెట్టి తీసి ఉంటే ఎవరికీ అనుమానం రాకపోను. కానీ నడివేసవిలోనూ 10, 12 డిగ్రీల దగ్గరే ఉండే ఆ నీళ్లలో నిలబడడానికి ఆయన ఒప్పుకోలేదు.

"మరి దగ్గరికి పోనివ్వమనకపోయావా?" అంటారు. ఏదో మన కోటిపల్లి రేవులో పడవవాణ్ని అడిగినట్టు! ఇది అమెరికా పైకొసన, వాషింగ్టన్ రాష్ట్రంలో శాన్ వాన్ దీవులు. ఇవతలి ఒడ్డు అమెరికా, అవతలి ఒడ్డు కెనడా, మధ్యలో ఓర్కాలు. ఓర్కాకి 200 గజాల లోపుకి పడవ పోకూడదని చట్టం. వాటిల్లో 'సదరన్ రెసిడెంట్స్' అని కొన్ని కుటుంబాలున్నాయి. వాటికైతే 2025 నుంచి 1,000 గజాలు! మా పడవ నడిపిన పిల్ల కంటికి దూరం కొలిచే యంత్రం ఆనించుకుని కూర్చుంది. 200 గజాలకి ఒక్క గజం తగ్గుతుందనిపించినా పడవ వెనక్కి తీసేది. "ఓ పది డాలర్లు చేతిలో పెట్టి చూడకపోయారా?" అని మరిది మళ్లీ అడిగాడు. మరిది రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు లెండి.

సరే, పడవ దాకా వచ్చాను కాబట్టి సూటు సంగతి చెప్పి తీరాలి. చెప్పకపోతే మీకొచ్చే నష్టమేమీ లేదు. నాకే మనసులో ఉండిపోతుంది.

అది గాలి నింపిన రబ్బరు పడవ. పైన కప్పు ఉండదు, పక్కన గోడ ఉండదు. అందుకని ఎక్కేముందే ఒక్కొక్కరికీ ఎర్ర సూటొకటి ఇస్తారు. మెడ నుంచి మడమ దాకా అంతా ఒకటే. నీళ్లలో పడితే తేలుస్తుందట, చలిని ఆపుతుందట. మంచిదే, కాదనను. కానీ ముందు అందులోకి దిగాలి కదా! చీర వద్దని కోడలు ముందే చెప్పింది కాబట్టి చుడీదారు వేసుకున్నాను. దానిమీద స్వెట్టరు. దానిమీద కోడలి కోటు. ఇంత సరంజామాతో బల్ల మీద కూర్చుని ఒక కాలు దూర్చాను. రెండోది దూర్చేసరికి మొదటిది ఎలా వచ్చిందో బయటికి వచ్చేసింది. మళ్లీ దాన్ని దూర్చాను. అప్పుడు తెలిసింది, వెనకది ముందుకి వేసుకున్నానని. మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం.

జిప్పు కింద మొదలై గడ్డం దగ్గర ముగుస్తుంది. మధ్యలో నాకు కొంత విస్తీర్ణం ఉంది. జిప్పు అక్కడికొచ్చి ఆగింది. కోడలు ఒకపక్క, మా ఆయన ఒకపక్క పట్టుకున్నారు. "ఊపిరి బిగపట్టు" అన్నారాయన. బిగపట్టాను. జిప్పు గడ్డం దాకా వచ్చింది. ఆ ఊపిరి మళ్లీ ఒడ్డుకొచ్చాకే వదిలాను. ఆయన సంగతి వేరు. ఆయనకిచ్చిన సూటు ఆరడుగుల మనిషి కోసం కుట్టింది. చేతులు కనపడవు, పాదాలు కనపడవు. కళ్లజోడు జారితే ఎగదోసుకోవడానికి చెయ్యి దొరక్క, "ఏమోయ్, ఇలా చూడు" అని నన్ను పిలిచేవారు. నేనేమో వంగలేను. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, ఏం చెయ్యాలో తోచక కాసేపు ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. మా పెళ్లప్పుడు కూడా అంతసేపు చూసుకోలేదు.

ఇంత అయ్యాక, ఎదురుగా గోడ మీద బోర్డు కనపడింది. పడవలో టాయిలెట్ లేదు. ప్రయాణం మూడు గంటలు.

బోర్డు పెట్టిన మహానుభావుడు దాన్ని సూట్లిచ్చే చోట కాక, సూట్లు తొడుక్కున్నాక నిలబడే చోట పెట్టాడు. ఆ మనిషికి తల్లి ఉండి ఉండదు. ఉన్నా, ఆవిణ్ని ఎక్కడికీ తీసుకెళ్లి ఉండడు.

అప్పుడు మా అబ్బాయి, అంతమందిలో, గట్టిగా "అమ్మా, వెళ్లొచ్చావా?" అన్నాడు. తెలుగులో అడిగాడు కాబట్టి ఫరవాలేదనుకున్నాడు. మా వెనక క్యూలో ఇద్దరు నవ్వారు. ఒకావిడది తెనాలి, ఒకాయనది కరీంనగర్. సియాటెల్ చుట్టుపక్కల రహస్యాలు చెప్పుకోవాలంటే ఇంగ్లీషులోనే చెప్పుకోవాలి.

ఈ ప్రశ్న కాకినాడ కాంప్లెక్సులో బస్సెక్కేముందు వీణ్ని నేనడిగేదాన్ని. "రావట్లేదమ్మా" అనేవాడు. సామర్లకోట దాటగానే వచ్చేది. కండక్టర్ని బతిమాలి బస్సాపించడం నా వంతు. ఇప్పుడు వాడడుగుతుంటే నేనూ అదే చెప్పాను. "రావట్లేదురా." నిజంగానే రావట్లేదు. కానీ మూడు గంటల దాకా కుదరదని తెలిశాక రాకుండా ఉండే వస్తువా అది?

కాబట్టి ప్రకృతి సౌందర్యం గురించి నన్నడక్కండి. గైడమ్మాయి ఎడంవైపు రాళ్ల మీద సీళ్లను చూపించింది. కుడివైపు చెట్టుమీద తెల్లతల గద్దని చూపించింది. నీళ్లలో జడలు జడలుగా తేలే కెల్ప్ అనే నాచు చూపించింది. లైమ్ కిల్న్ అనే చోట లైట్‌హౌస్ చూపించి, ఒడ్డున నిలబడి ఓర్కాలని చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు అరుదని చెప్పింది. అక్కడ టాయిలెట్ ఉందా అని అడిగాను. ఉందట. కానీ పడవ అక్కడ ఆగదట.

ఆ పిల్ల మంచి పిల్ల, చదువుకున్నది. ఓర్కాని తిమింగలం అంటున్నాం గానీ నిజానికిది డాల్ఫిన్ల కుటుంబమట, వాటిల్లో అన్నిటికంటే పెద్దదట. (ఈ ముక్క గ్రూపులో పెట్టి పొరపాటున కూడా నోరు జారకండి. "అంటే తిమింగలం కూడా కాదన్నమాట" అని మళ్లీ మొదలవుతుంది.) ఆ నీళ్లలో రెండు రకాలు ముఖ్యం. రెసిడెంట్లు చేపలే తింటాయి, అందులోనూ షినూక్ సాల్మన్ దొరికితే ఇంకోటి ముట్టవు. బిగ్స్ రకం చేప ముట్టదు, సీళ్లూ సీ లయన్లూ కావాలి. మైకేల్ బిగ్ అనే కెనడా ఆయన 1970లలో రెక్క ఆకారాన్నీ, దాని వెనకుండే మచ్చనీ ఫొటోలు తీసి ఒక్కొక్కదాన్నీ విడివిడిగా గుర్తుపట్టే పద్ధతి మొదలుపెట్టాడు. ఆయన పేరే ఈ రకానికి పెట్టారు. వేల ఏళ్లుగా ఒకే నీళ్లలో తిరుగుతున్నా ఈ రెండు రకాలకీ కంచం పొత్తు లేదు, మంచం పొత్తు లేదు. "మన వైపు వాళ్లే" అన్నారు మా ఆయన.

సీళ్ల చెవులు చురుకు కాబట్టి బిగ్స్ వేటకెళ్తే కిక్కురుమనవు. సాల్మన్లకి ఓర్కాల కూతలు సరిగా వినపడవు కాబట్టి రెసిడెంట్లు వేటాడుతూనే కబుర్లాడుకుంటాయి. ఒక్కో గుంపుకీ ఒక్కో యాస కూడా ఉందట. మా పుట్టింటివాళ్లు ఈ రెండో రకం.

మాకు కనపడినవి బిగ్స్. ఒక తల్లి, దాని పక్కన ఎదిగిన కొడుకు. ఆ ఆరడుగుల రెక్క ఆ కొడుకుదే. వాడు పైకొచ్చి 'ఫూ' అని ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు 200 గజాల అవతల నుంచి కూడా వినిపించింది. వీడియోలో వినపడదు, నేను అరుస్తున్నాను కనక.

అప్పుడు చెప్పింది గైడమ్మాయి. రెసిడెంట్లలో కొడుకులు గానీ కూతుళ్లు గానీ తల్లిని జన్మలో వదలరట. మనవలు పుట్టినా సరే. తల్లి సాల్మన్ పట్టి, రెండు ముక్కలు చేసి, నడీడు కొడుక్కి సగం పెడుతుందట. కొడుకుల్ని పోషించే తల్లులకి మళ్లీ బిడ్డ పుట్టే అవకాశం తగ్గిపోతుందని లెక్కగట్టి చెప్పారట శాస్త్రవేత్తలు. తల్లి పోతే పెద్దవాడైన కొడుకు కూడా ఆ ఏడాది గడవడం కష్టమట.

"మరి పెళ్లిళ్లో?" అన్నాను.

మగవాడు వేరే గుంపుతో కాసేపు కలిసి, మళ్లీ తల్లి దగ్గరికే వచ్చేస్తాడట. అత్తారింట్లో ఒక్క పూట కూడా ఉండడు. కోడలు కాపరానికి రావడమన్నదే లేదు. నేను పల్లెత్తు మాట అనలేదు, అబ్బాయి వైపు చూశానంతే. "అత్తయ్యా, అటు మరీ వంగకండి, పడతారు" అంది మా కోడలు.

అక్కడితో నవ్వులు ఆగాయి. ఇవి ఇప్పుడు ఎన్నున్నాయని ఎవరో అడిగారు. సదరన్ రెసిడెంట్లు 80కి లోపే మిగిలాయట. సాల్మన్లు తగ్గిపోవడం, పడవల రొద, నీళ్లలో విషాలు, ఇవన్నీ కారణాలే. కానీ అంతకు ముందే ఒకటి జరిగింది. 1960లలో, 70లలో అక్వేరియంల కోసం వీటిని పట్టేవారు. 1970 ఆగస్టులో ఇక్కడికి దగ్గర్లోనే విడ్‌బీ దీవిలో పెన్ కోవ్ అనే చోట పడవలతో, పేలుళ్లతో తరిమి గుంపులకి గుంపుల్ని వలల్లోకి తోలారు. పెద్దవాటిని మొయ్యడం కష్టం, పిల్లలైతే సులువు. అందుకని పిల్లల్నే ఏరుకున్నారు. ఏడింటిని తీసుకుపోయారు. అందులో ఒకటి మయామీలో ఒక తొట్టెలో 2023 దాకా బతికింది. పిల్లల్ని లాగుతుంటే పెద్దవి పారిపోలేదట. వల అవతలే తిరుగుతూ అరుస్తూ ఉన్నాయట.

పిల్లల్ని ఏరుకున్నారన్న మాట దగ్గర మా ఆయన నావైపు చూశారు. నేను నీళ్లవైపు చూశాను. మా వాణ్ని ఎవరూ వల వేసి పట్టుకోలేదు. మేమే ఐఐటీ కోచింగుకి కట్టాం, మేమే బ్యాంకు లోనుకి సంతకాలు పెట్టాం, ఆవకాయ సీసా పగలకుండా తువ్వాళ్లు చుట్టి పెట్టెలో సర్దాం. శంషాబాదులో అద్దాల అవతలికి వాడు వెళ్లిపోయాక కూడా ఇవతల నిలబడ్డాం. మేమేమీ అరవలేదు. చుట్టూ అందరూ అలాగే నిలబడి ఉన్నారు. అందరూ చెయ్యి ఊపుతున్నారు.

తల్లికీ పిల్లకీ మధ్యలోకి పడవ పోనివ్వకూడదని ఆ నీళ్లలో ఒక నియమం ఉందట. మా మధ్య వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. నేను వంట ముగించి ఫోన్ చేసేసరికి వాడు నిద్రకి పడతాడు. వాడు తిన్నావా అని అడిగేసరికి నేను ఏ పూట సంగతి చెప్పాలో తెలీదు. ఇప్పుడు వాడింట్లోనే ఉన్నాను కదా, ఇప్పుడైనా మాట్లాడదామంటే లాప్‌టాప్. వారమంతా మీటింగులు. శనివారం రాగానే "అమ్మా, మీకేం చూపించమంటావ్?" అంటాడు. జలపాతం చూపిస్తాడు, కొండ చూపిస్తాడు, ఇదిగో ఇలా ఓర్కాలని చూపిస్తాడు. అన్నిట్లోకీ చూడ్డానికి దొరకనిది వాడే.

ఒడ్డుకొచ్చాం. సూటు విప్పుకోవాలి. నా పరిస్థితి మీరు ఊహించుకోగలరు. జిప్పు గడ్డం దగ్గర నుంచి బయల్దేరి, పాత చోటికే వచ్చి మళ్లీ ఆగింది. అబ్బాయి వచ్చి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాడి ఫోన్ మోగింది. శనివారమైనా ఆఫీసే. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో జిప్పు. ఎంత లాగినా రాలేదు. "మా అమ్మ ఇరుక్కుపోయింది, మళ్లీ చేస్తాను" అని ఇంగ్లీషులో చెప్పి ఫోను జేబులో పెట్టేశాడు.

పావుగంట పట్టింది. సబ్బు తెచ్చి రాశాడు, పిన్నీసుతో గెలికాడు, మోకాళ్ల మీద కూర్చుని లాగాడు. చిన్నప్పుడు స్కూలు బ్యాగు జిప్పు రాకపోతే నేను కొబ్బరినూనె రాసేదాన్నని గుర్తుచేశాడు. రెండో తరగతి టీచరు ఎలా ఉన్నారని అడిగాడు. మేడ మీద మామిడి కొమ్మ కొట్టించేశారా అన్నాడు. నాన్నకి మోకాలు నొప్పి తగ్గిందా అన్నాడు. నేను ఒక్కొక్కదానికీ నిదానంగా, వివరంగా జవాబు చెప్పాను. తొందరపెట్టలేదు. మూడు గంటలు ఆపుకున్నదాన్ని ఇంకో పావుగంట ఆపుకోలేనా?

జిప్పు ఊడొచ్చాక మాత్రం పరిగెత్తాను.