పదహారు రకాలు, అందరూ మంచివాళ్లే

లోకంలో సోమరులు, పిసినారులు, చాడీకోరులు అంతరించిపోయారు. నమ్మకం లేకపోతే మైయర్స్-బ్రిగ్స్ వ్యక్తిత్వ పరీక్ష రాసినవాళ్లను అడగండి. అందులో మనుషులు పదహారు రకాలు, ఒక్కో రకానికి నాలుగు ఇంగ్లిష్ అక్షరాల పేరు. చెడ్డ రకం ఒక్కటీ లేదు.

ఈ రామరాజ్యాన్ని కట్టింది అమెరికాకు చెందిన తల్లీకూతుళ్లు కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్. వ్యక్తిత్వ రకాలపై మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ రాయగా 1921లో వచ్చిన గ్రంథం తల్లికి పారాయణమైంది. దాన్ని రెండో ప్రపంచ యుద్ధకాలంలో కూతురు ప్రశ్నపత్రంగా మలిచారు. ఇద్దరిలో ఎవరికీ మనస్తత్వశాస్త్రంలో పట్టా లేదు. అంతకుముందు కూతురు డిటెక్టివ్ నవల రాసి బహుమతి కొట్టారు. నవలకైతే హంతకుడు కావాలి. పరీక్షకు ఆ బెడద లేదు.

పరీక్ష నడిచే తీరు చిత్రం. పదిమందిలో ఉండటం ఇష్టమా, ఒంటరిగానా అని అడుగుతారు. ఒంటరిగానే అంటాం. చివర్లో, మీరు అంతర్ముఖులని తేలుస్తారు. మనం చెప్పింది మనకే అప్పజెబితే, అబ్బ, ఎంత బాగా కనిపెట్టారో అని మురిసిపోతాం!

నిజానికి ఎక్కువమంది ఆ రెంటికీ మధ్యే ఉంటారు. పరీక్ష మాత్రం మధ్యలో గీత గీసి అటో ఇటో తోసేస్తుంది. ఐదు వారాలకు మళ్లీ రాస్తే సగంమంది దాకా రకం మారిపోతారని 1993లో మనస్తత్వవేత్త డేవిడ్ పిట్టెంజర్ రాశారు. పుట్టుస్వభావానికి గడువు నెల దాటి నాలుగు రోజులన్నమాట.

పరీక్ష చెప్పింది విని మురిసిపోవడం కొత్తేమీ కాదు. 1948లో మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులు 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితాలంటూ అందరికీ ఒకే వర్ణన పంచారు. ఎవరికి వారు అచ్చం తమ గురించే అనుకుని ఐదుకు సగటున 4.26 మార్కులు వేశారు. ఆ వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి.

ఆ లెక్కన మన పంచాంగమే నయం. ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 6 అని ఉగాది పూటే మొహాన చెప్పేస్తుంది. నాలుగక్షరాల జాతకంలో అవమానం గడి ఎత్తేశారు. అందుకే పని ఎగ్గొట్టినవాడు నాది ‘పి’, అంటే ప్రణాళికకు కట్టుబడని స్వభావమంటాడు. నలుగురిలో కసిరినవాడు తనది ‘టి’, అంటే మనసుకన్నా తర్కానికి విలువిచ్చే స్వభావమంటాడు. క్షమాపణ అవసరం ఇద్దరికీ లేదు.

ఉద్యోగుల ఎంపికకు దీన్ని వాడొద్దని పరీక్షను అమ్మేవాళ్లే చెబుతారు. పెళ్లికొడుకుల ఎంపిక సంగతి చెప్పలేదు కాబోలు, దక్షిణ కొరియాలో జోడీ వెతుక్కునే యువత ముందు ఈ అక్షరాలే అడుగుతోంది. చేసిన అప్పు తీర్చే అలవాటుందో లేదో చెప్పే అక్షరం ఆ నాలుగింటిలో లేదు.