ఖాన్ గారి తాలూకా

మనిషికి డబ్బు అక్కర్లేని రోజులు వచ్చేశాయి. భూమ్మీద ఆకలి లేదు, పేదరికం లేదు, దేశాల మధ్య కొట్లాటలు లేవు. మొనదేలిన చెవుల గ్రహాంతరవాసి పక్క కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నా ఎవరూ వింతగా చూడరు. ఇరవై మూడో శతాబ్దంలో మన బతుకు ఇలా ఉండబోతోందని 1966లో మొదలైన టీవీ సీరియల్ స్టార్ ట్రెక్ ఊరిస్తూ వస్తోంది. అంతటి సత్యకాలంలో, ఎంటర్‌ప్రైజ్ అనే నౌకలోకి భద్రతాధికారిగా ఒక యువతి వచ్చి పేరు చెప్పింది: లాన్ నూనియన్-సింగ్.

అంతే. అటు ఇరవై మూడో శతాబ్దం, ఇటు ఇరవై ఒకటో శతాబ్దపు అభిమాన లోకం ఒక్కసారే కళ్లజోళ్లు సవరించుకున్నాయి. "ఏ నూనియన్-సింగులమ్మా? ఎవరి తాలూకు?"

ఖాన్ గారి తాలూకా.

ఈ భాష మనకు తెలియనిది కాదు. 2024 ఎన్నికల్లో ఓట్ల లెక్కింపు కాకముందే బళ్ల మీద 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని రాయించుకుని తిరిగినవాళ్లను చూశాం. అక్కడ తాలూకా అయితే దర్జా, ఇక్కడ తాలూకా అయితే దోషం. మనిషి ఏం చేశాడో తెలుసుకోవడానికి ముందు ఎవరి మనిషో తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఖాన్ నూనియన్ సింగ్ మొదట కనిపించింది 1967 ఫిబ్రవరిలో, 'స్పేస్ సీడ్' అనే ఎపిసోడ్‌లో. జన్యువులు దిద్ది తయారుచేసిన అతిమానవుడు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో భూమిలో పావు వంతుకు పైగా ఏలి, ఓడిపోయి, అనుచరులతో సహా ఒక నౌకలో గడ్డకట్టిన నిద్రలోకి జారుకుని, రెండు వందల ఏళ్ల పైచిలుకు తర్వాత కెప్టెన్ కిర్క్ నెత్తిన పడతాడు. 1982లో 'ద రాత్ ఆఫ్ ఖాన్' సినిమాగా తిరిగొచ్చి, మొనదేలిన చెవుల స్పాక్ ప్రాణం తీసి మరీ పోయాడు. స్టార్ ట్రెక్ చరిత్రలో అంత గట్టి విలన్ మళ్లీ పుట్టలేదు. పుట్టకపోతే ఏం చేస్తారు? చుట్టాలను పుట్టిస్తారు.

ముందుకథ అనే వ్యాపారంలో ఉన్న కిటుకే అది. కొత్త మనిషిని సృష్టించాలంటే బుర్ర పెట్టాలి, పైగా కొత్త మనిషిని జనం నమ్మాలి. పాత మనిషికి బంధువును సృష్టిస్తే ఆ బాధ లేదు. గోర్న్ అనే బల్లిజాతి రాక్షసుల చేత చిక్కి, అయినవాళ్లందరినీ పోగొట్టుకుని, ఒంటరిగా బతికి బయటపడ్డ ఒక పిల్ల. పెద్దయ్యాక నవ్వడం మర్చిపోయిన అధికారి. కథకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ 2022లో 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' అనే ముందుకథ సీరియల్ మొదలుపెట్టినవాళ్లకు ఇది చాలినట్టు లేదు. ఆ పిల్ల మెడలో ఖాన్ ఇంటిపేరు కూడా తగిలించారు. ఇంటిపేరు తగిలించగానే ఆమె పడ్డ కష్టమంతా వెనక్కి పోయింది, తాతగారి జాతకం ముందుకొచ్చింది.

ఇక అభిమానులు రంగంలోకి దిగారు. వీళ్లు మామూలు ప్రేక్షకులు కారు. అధికారికంగా జరిగినట్టు ఒప్పుకున్న కథకు వీళ్ల భాషలో కేనన్ అని పేరు. ఆ కేనన్‌లో అక్షరం తేడా వస్తే నిద్రపట్టనివాళ్లు. 1982 సినిమాలో ఖాన్ చెకోవ్ అనే అధికారిని చూసి ముఖం గుర్తుపడతాడు. కానీ 1967 ఫిబ్రవరి నాటికి చెకోవ్ పాత్ర ఆ సీరియల్లోకే రాలేదు, రెండో సీజన్‌లో వచ్చింది. ఈ ఒక్క పొరపాటు మీద నలభై ఏళ్లకు పైగా వాదించి, చెకోవ్ అప్పటికే నౌకలో ఏదో కింది అంతస్తులో పనిచేస్తూ ఉండి ఉంటాడని తేల్చారు. రచయితలు మర్చిపోయిన ఉద్యోగిని వెతికి జీతం ఇప్పించిన ఘనులు వాళ్లు.

లాన్ మీద వాళ్లు మోపిన మొదటి అభియోగం ఇది: స్పాక్, ఉహురా ఈమెతో కలిసి పనిచేశారు. మరి కొన్నేళ్ల తర్వాత అదే నౌకలో ఖాన్ నిద్రలేస్తే "మా లాన్ వాళ్ల తాత కదా!" అని ఒక్కరూ ఎందుకు అనలేదు?

ప్రశ్న బాగానే ఉంది. అడిగింది ఎవరి గురించో చూడండి. స్పాక్ గురించి! 1967లోనే వచ్చిన 'జర్నీ టు బేబెల్' ఎపిసోడ్‌లో వల్కన్ గ్రహపు రాయబారి దంపతులు నౌకెక్కి ఎదురుగా నిలబడ్డాక గానీ, వాళ్లు తన అమ్మానాన్నలని కిర్క్‌తో చెప్పని మనిషి. అతనికో సవతి సోదరుడున్నాడని 1989 దాకా ఎవరికీ తెలియదు. తన ఇంట్లోనే పెరిగిన ఒక అక్క ఉందని 2017 దాకా తెలియదు. ఆ అక్క సంగతి పాత కథలో ఎందుకు లేదని అభిమానులు నిలదీస్తే, 2019లో రచయితలు స్పాక్ నోటితోనే ఓ సిఫార్సు చేయించారు: ఆ అక్క పనిచేసిన నౌక గురించి, అందులోని సిబ్బంది గురించి ఇకమీదట ఎవరు నోరెత్తినా రాజద్రోహంగా లెక్కించాలని. కథలో చిల్లు పడితే అతుకు వేయడం చూశాం గానీ, చిల్లును చూసినవాడికి శిక్ష వేయడం ఇక్కడే చూశాం. తన ఇంట్లో పెరిగిన అక్క పేరునే రాజద్రోహం ఖాతాలో వేసుకున్న పెద్దమనిషి, సాటి ఉద్యోగిని వాళ్ల తాత ముత్తాతల గురించి బల్ల దగ్గర కబుర్లు చెప్పలేదని బెంగ!

రెండో వాదం నెత్తుటి గురించి. ఆమెలో ఖాన్ బలం ఉందా? ఖాన్ కోపం ఉందా? ఎప్పటికైనా ఆ బుద్ధి బయటపడుతుందా? రెండు వందల ఏళ్ల పైమాట కాబట్టి, తరానికి పాతికేళ్లు వేసుకుంటే ఖాన్‌కూ లాన్‌కూ మధ్య ఎనిమిది తరాలు. ఎనిమిది తరాలు వెనక్కి నడిస్తే ఎవరికైనా 256 మంది పెద్దలు తేలతారు. అందులో ఖాన్ ఒక్కడు. తక్కిన 255 మంది ఎవరో, ఏం చేసి బతికారో, ఎంత మంచివాళ్లో ఒక్క అభిమానీ అడిగిన పాపాన పోలేదు. వాటా కడితే అర శాతం కూడా రాని నెత్తురు మీద వంద శాతం వాదన నడుస్తోంది. సినిమాల్లో హీరో "నా ఒంట్లో పారేది ఎవరి రక్తమో తెలుసా" అని అరిస్తే ఈలలు వేసిన నోళ్లు మనవి కాబట్టి, ఈ లెక్కకు మరీ గట్టిగా నవ్వే అర్హత మనకూ లేదు.

ఆ భవిష్యత్ ప్రభుత్వం తీరు చూడండి. ఖాన్ దెబ్బకు జడిసి జన్యువులు దిద్దడాన్నే నిషేధించింది. బాగుంది. కానీ ఆ నిషేధం దిద్దిన చేతుల్నే కాదు, దిద్దబడిన పిల్లల్నీ పట్టుకుంది. అదే నౌకలో రెండో స్థానంలో ఉన్న అధికారిణి ఊనా, ఇలిరియన్ అనే జాతి మనిషి. ఆమె పుట్టుక అలాంటిది. ఆ సంగతి దాచి ఉద్యోగంలో చేరిందని సంకెళ్లు వేశారు. 2023లో వచ్చిన విచారణ ఎపిసోడ్‌లో చివరికి ఆమెకు ఆశ్రయం ఇచ్చి వదిలారు గానీ, చట్టం మాత్రం చెక్కు చెదరలేదు. పుట్టుకను బట్టి తలుపులు మూసే పద్ధతిని రెండు శతాబ్దాల తర్వాత కూడా పదిలంగా కాపాడుకున్న నాగరికత అన్నమాట. నక్షత్రాల మధ్య కాంతి కంటే వేగంగా తిరుగుతారు, పుట్టుక దగ్గరికొచ్చేసరికి నడక కూడా రాదు.

అసలు ఘట్టం ఇంకా ఉంది. అదే 2023లో, రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో లాన్ కాలంలో వెనక్కి వెళ్లి, మన రోజుల టొరంటో నగరంలో పడుతుంది. చివర్లో ఒక గది తలుపు తీస్తే లోపల చిన్న పిల్లవాడు. ఖాన్. ఆమె చేతిలో తుపాకీ ఉంది. వీడు లేకపోతే కోట్ల ప్రాణాలు మిగులుతాయి. వీడు లేకపోతే జీవితమంతా తనను వేధించిన ఆ పేరే ఉండదు. కానీ వీడు ఇంకా ఏ తప్పూ చేయలేదు. లాన్ తుపాకీ దించేసి, పిల్లవాడితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేస్తుంది. తాత చేయబోయే నేరానికి తాతను కూడా శిక్షించని మనవరాలు! తాత చేసిన నేరానికి మనవరాలిని వేలెత్తి చూపే లోకానికి ఇంతకన్నా చెంపపెట్టు ఏముంటుంది?

చెంపపెట్టు తగిలింది. అభిమానులు చెంప తడుముకుని అడిగారు: "అన్నీ సరే గానీ, ఇది 1992లో కదా జరగాలి?"

అదీ సంగతి. 1967 నాటి కథ ప్రకారం 1992 నుంచి 1996 దాకా ఆసియా మొదలుకొని మధ్యప్రాచ్యం వరకు ఏలింది ఖాన్. మనకు తెలిసినంతలో ఆ నాలుగేళ్లూ ఢిల్లీలో ప్రధాని కుర్చీలో ఉన్నది పీవీ నరసింహారావు. పీవీ మౌనానికి పెట్టింది పేరే గానీ, నెత్తిమీద ఒక చక్రవర్తి కూర్చున్నాడన్న సంగతి కూడా దాచిపెట్టేంత మౌని కాదు. 1996 వచ్చింది. ఆ ఏడాదే మరో స్టార్ ట్రెక్ సీరియల్ 'వాయేజర్' బృందం 1996 నాటి లాస్ ఏంజిలిస్‌లో దిగితే అక్కడ యుద్ధం జాడే లేదు. ఆ తర్వాత గ్రెగ్ కాక్స్ అనే రచయిత నవలలు రాసి, యుద్ధాలు జరిగాయి కానీ రహస్యంగా జరిగాయని సర్ది చెప్పాడు. ఇప్పుడు 2023లో రోములన్ అనే శత్రుజాతి గూఢచారి చేత, కాలంలో జరిగిన జోక్యాల వల్ల ఖాన్ పుట్టుక ముప్పై ఏళ్లు వాయిదా పడిందని చెప్పించారు. ఇక ఆగుతుందా రచ్చ? ఒక పసివాడిని చంపాలా వద్దా అన్నది ఎపిసోడ్ అడిగిన ప్రశ్న. వాడు పుట్టిన తేదీ సరిగ్గా నమోదైందా అన్నది అభిమానులు రాసిన జవాబు.

ఇంత నిశితంగా తేదీలు చూసే కళ్లకు ముఖాలు మాత్రం అంతగా ఆనలేదు. 'స్పేస్ సీడ్'లో నౌకా చరిత్రకారిణి ఖాన్‌ను చూసి ఉత్తర భారతం వాడై ఉంటాడని, బహుశా సిక్కు అని అంటుంది. తర్వాత తలపాగాతో అతని బొమ్మ కూడా గీస్తుంది. ఆ తలపాగా బొమ్మలోనే ఉండిపోయింది. మనిషికి మాత్రం తలపాగా లేదు, గడ్డం లేదు. నటించింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్‌బాన్. గొప్ప నటుడు, సందేహం లేదు. 2013లో అదే పాత్రను ఇంగ్లిష్ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్‌కు ఇచ్చారు. అప్పుడు కొందరు గట్టిగానే అడిగారు. చివరికి 2025లో ఖాన్ కథనే ఆడియో నాటకంగా చేసినప్పుడు మలయాళీ మూలాలున్న నవీన్ ఆండ్రూస్‌కు ఆ పాత్ర దక్కింది. పాత్ర పుట్టిన 58 ఏళ్లకు, పెద్దయిన ఖాన్‌గా భారతీయ మూలాలున్న నటుడు వచ్చాడు. వినపడతాడు, కనపడడు.

అంటే లెక్క ఇలా తేలింది. ఖాన్ భారతీయుడా అన్నది చిన్న విషయం, సర్దుకుపోవచ్చు. ఖాన్ మనవరాలు ఖాన్ లాంటిదేనా అన్నది మాత్రం పెద్ద విషయం, తేల్చుకోవాల్సిందే. పేరు తెచ్చుకోవడానికి మన దేశం పనికొచ్చింది, పేరు మోయడానికి ఆ అమ్మాయి పనికొచ్చింది. లాభం కంపెనీది, కాలక్షేపం అభిమానులది.

ఆ లోకంలో డబ్బు ఎందుకు పోయింది? దాని అవసరం తీరింది కాబట్టి. ఇంటిపేరు ఎందుకు పోలేదు? అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇంకా ఉన్నారు కాబట్టి. రేపు ఖాన్ మేనత్త పేరుతో ఒక సీరియల్ తీసినా కొంటారు. ఆ మేనత్తకు 1967లో ఎందుకు కబురు పెట్టలేదని వాదిస్తూ మరీ కొంటారు.

లాన్ చేతలు చెప్పేది మాత్రం ఒక్కటే మాట: నా పేరు కాదు, నా పని చూసి నేనెలాంటిదాన్నో చెప్పండి అని. చెబుతాం తల్లీ. ముందు మీ తాతగారు పుట్టిన సంవత్సరం తేలనీ.