ఉడుముకు ఎన్ని మార్కులు?

సంక్రాంతి వెళ్లిన ఆదివారం. డబ్బాలో సకినాలు ఇంకా మిగిలే ఉన్నాయి, ఇంట్లో చుట్టాలు కూడా. కోరుట్లలో మా ఇంటికి జగిత్యాల నుంచి అక్క, బావ, వాళ్ల కొడుకు వచ్చారు. సిరిసిల్ల నుంచి మా మేనమామ వచ్చాడు. బావ సైన్సు సారుగా చేసి రిటైరయ్యాడు. మామ ఎనిమిది సాంచాల (మరమగ్గాల) ఆసామి. ఇక మా మేనల్లుడికి హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతో పాటు ఇంకో జబ్బు కూడా పట్టింది. ఏం చూసినా మార్కులేస్తాడు. ఇడ్లీకి మూడు నక్షత్రాలు, తనను తెచ్చిన బస్సుకు ఒకటిన్నర. ఫోనులో రెండు గడులు గీసి పెట్టుకున్నాడు, ఒకదాంట్లో గుణాలు, ఒకదాంట్లో లోపాలు. ఆ పూట వాడి కన్ను మా టీవీ మీద పడింది.

"మామా, స్టార్ ట్రెక్ పెడుతున్న. పాతది. అందరం చూసి మార్కులేద్దాం."

స్టార్ ట్రెక్ నాకు కొత్త కాదు. 1980లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చేది. ఎండాకాలం సెలవులకు హైదరాబాదు పోయినప్పుడు చుట్టాలింట్లో చూసేవాణ్ణి. ఇంగ్లీషు ముక్క రాదు గనుక కెప్టెన్ నోరు ఎంత పెద్దగా తెరిస్తే అంత ప్రమాదం వచ్చిందని లెక్క వేసుకునేవాణ్ణి. తరువాత ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ లెక్కలో పెద్ద తప్పేమీ లేదని తేలింది.

వాడు పెట్టింది మొదటి సీజన్‌లోది, 'అరీనా' అనే భాగం. అమెరికాలో 1967 జనవరి 19న వచ్చింది. సబ్‌టైటిళ్లు ఇంగ్లీషులో ఉండటంతో మా అవ్వకూ మామకూ తెలుగు చేసి చెప్పే ఉద్యోగం నా మీద పడింది. జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి.

అవ్వ ఒడిలో చాట. చాటలో తునికాకు, తంబాకు, దారం. పింఛను వస్తున్నా బీడీలు చుట్టే చేతులు ఊరుకోవు. కత్తిరించిన ఆకును ఎడమ చేతిలో పరిచి, చిటికెడు తంబాకు జల్లి, వేళ్ల కొసలతో ఒక్క దొర్లు దొర్లించి, మూతి మడిచి, దారం రెండు చుట్లు చుట్టి పక్కన పడేస్తుంది. చూపు చాట మీద ఉండదు. ఇరవై ఐదు కాగానే చెయ్యి దానంతట అదే కట్ట కడుతుంది. ఎన్ని సీరియళ్లలో ఎందరు కోడళ్లు ఏడ్చినా ఆ లెక్క తప్పగా నేను చూడలేదు.

"వీండ్లెవరురా?" అంది అవ్వ.

"ఓడల చుక్కల నడుమ తిరిగేటోళ్లు."

"ఎందుకు?"

"కొత్త జాగలు చూద్దామని."

"ఎన్నేండ్లకొస్తరు ఇంటికి?"

"ఐదేండ్ల అగ్రిమెంటు అవ్వా."

"ఐదేండ్లా! దుబాయి కంపెనోడే నయం, రెండేండ్లకు పంపుతడు."

మేనల్లుడు లోపాల గడిలో మొదటి ముక్క రాసుకున్నాడు. ఏం రాశాడో చూపించలేదు.

కథ ఇదీ. సెస్టస్ అనే చోట మనుషులు పెట్టుకున్న శిబిరాన్ని ఎవరో కాల్చి బూడిద చేస్తారు. కెప్టెన్ కిర్క్ కోపంతో ఆ శత్రువు ఓడను తరుముతాడు. దారిలో మెట్రాన్లనే మహా నాగరికులు రెండు ఓడలనూ ఆపేస్తారు. మా ఇలాకాలో లొల్లి పెట్టొద్దు, మీరిద్దరు కెప్టెన్లే తేల్చుకోండని ఇద్దరినీ ఎత్తుకుపోయి ఒక రాళ్లగుట్ట మీద వదులుతారు. ఓడినవాడి ఓడ మటాష్. శత్రువు గోర్న్ జాతివాడు. నిలువెత్తు బల్లి, వెండి కండ్లు, పైన మెరుపుల అంగీ.

"ఉడుం," అంది అవ్వ. అంతే, ఆ తరువాత ఇంట్లో ఎవరూ గోర్న్ అనలేదు.

గుట్టను చూసి మామ "కొండగట్టు తొవ్వల తీసిండ్రా?" అన్నాడు. కాదు, లాస్ ఏంజలెస్ అవతల వాస్కెజ్ రాక్స్. కౌబాయ్ సినిమాల గుర్రాలు ఎన్నో పరుగెత్తిన రాళ్లే. ఏ లోకానికి పోయినా అవే బండలు కనిపిస్తాయని మేనల్లుడి ఫిర్యాదు. మామకు మాత్రం బండలతో పని లేదు. ఆయన చూపంతా కెప్టెన్ అంగీ మీద ఉంది.

"ఆపు ఆపు. అల్లుడా, ఆ అంగీ చూసినవా? మక్మల్ లెక్క నూగున్న బట్ట. ఒక్కసారి నీళ్లల్ల ముంచితే ముడుచుకపోతది. చెయ్యి లేపితే చూడు, నడుం కాడ ఎట్ల ఎక్కిందో!"

ఊరికే అంటున్నాడనుకున్నాను. ఫోనులో వెదికితే నిజమే. మొదటి రెండు సీజన్లలో చొక్కాలు వెలూర్ అనే నూగు బట్టతో కుట్టారట. ఉతికిన కొద్దీ కురచబారేవట. అందుకే మూడో సీజన్‌కు నైలాన్ అల్లిక బట్టకు మారారు. దాదాపు అరవై ఏళ్ల కింద అమెరికాలో స్టూడియో వాళ్లకు ఉతికాక తెలిసిన సంగతి, సిరిసిల్ల ఆసామికి నా చిన్న టీవీలో ఉతక్కుండానే తెలిసిపోయింది. నాకు కొంచెం కుళ్లు పుట్టి, "అంత తెలిస్తే ఆ అంగీ రంగేందో చెప్పు మామా," అన్నాను.

"బంగారు పసుపు."

"కాదు. ఆకుపచ్చ. దీపాల వెలుగుకు, ఫిల్ముకు కలిసి పసుపుగ కనవడ్డది."

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "మన రంగుల కాడ గిట్ల వస్తే సేటు మాల్ వాపస్ పంపుతడు," అని ఒక సకినం తీసుకున్నాడు. ఉడుం అంగీకి మాత్రం పదికి తొమ్మిది వేశాడు. చమ్కీ మంచిగ కుదిరిందట.

ఇంతలో కొట్లాట షురూ అయింది. ఇక్కడ నా మాటా చెప్పాలి, నేనూ జడ్జినే కదా. అంత నెమ్మదైన కొట్లాట నేను చూసి ఎరుగను. రబ్బరు తొడుగులో ఇరుక్కున్న మనిషి పాపం ఎంత వేగం పోగలడు? ఉడుం చెయ్యి లేపుతుంది. ఆ చెయ్యి కిందికి వచ్చేలోపు కెప్టెన్ వంగి, పక్కకు జరిగి, లేచి, దాని రెండు చెవుల మీద చరిచి, మళ్లీ వెనక్కి పోతాడు. పండక్కు ఇల్లు సర్దుతూ ఇద్దరు కలిసి బీరువా జరుపుతున్నట్టుంది. ఎవరికీ తొందర లేదు, మూలలు తగలకుంటే చాలు. మేనల్లుడు లోపాల గడి నింపుతూనే ఉన్నాడు. నేను వాడి వెంటే ఉన్నాను.

అంతవరకు పేపరు చదువుతున్న బావ, కెప్టెన్ గంధకం ఏరగానే కండ్లద్దాలు సర్దుకున్నాడు. గంధకం, బొగ్గు, రాతి మీద తెల్లగా సూరేకారం, మూడూ దొరికాయి. కెప్టెన్ మందు తయారు చేసి, వెదురు బొంగులో కూరి, గుండ్లకు బదులు వజ్రాలు పోసి పేల్చబోతున్నాడు.

"ఆపురా," అన్నాడు బావ. ఇది రెండో ఆపు. "ఎన్ని పాళ్లు కలిపిండు?"

"చెప్పలేదు బావా."

"సూరేకారం డెబ్బై అయిదు, బొగ్గు పదిహేను, గంధకం పది. మెత్తగ నూరాలె. ఈయన గులకరాయితోని రెండు దెబ్బలు కొట్టిండు. పటాకుల దుకాణపోనికున్న ఓపిక గూడ లేదు."

"పేలదంటరా?"

"పేలుతది. పేలితేనే కథ. జగిత్యాల కోటల ఫిరంగులు చూసినవు గదా? ఆ లోహం మందమెంత? ఈ బొంగు మందమెంత? మందు ముందటికి గుండును తోస్తది, అదే జోరుతోని పక్కలకు గూడ తోస్తది. ఉడుం సంగతి తరువాత, ముందుగాల కెప్టెన్ మూతి పోతది."

జగిత్యాల కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారని చెప్పుకుంటారు. బావ సర్వీసు పొడుగునా ఏటేటా పిల్లల్ని దాని మీదికి ఎక్కించి ఇదే పాఠం చెప్పాడు, ఇప్పుడు పిల్లలు లేక మాకు చెప్పాడు. కాని ఆయన మాటా నిజమే. అమెరికాలో 'మిత్‌బస్టర్స్' అనే టీవీ కార్యక్రమం వాళ్లు ఈ వెదురు ఫిరంగిని అచ్చంగా చేసి పేల్చి చూశారు. బొంగే బద్దలైంది.

ఈ లెక్కన ఆ భాగంలో బట్ట నిలవలేదు, మందు నిలవలేదు, కొట్లాట కదలలేదు. చుక్కల నడుమ ఓడ వెలుగును మించిన వేగంతో పోయింది, దాన్ని మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు. అదేమన్నా మనం ఉతికి చూసిందా, నూరి చూసిందా? మహా నాగరికులు మనుషుల్ని రెప్పపాటులో మాయం చేసినా బావ సైన్సుకు ఏమీ కాలేదు. రాతి మీద సూరేకారం నూరిన తీరుకే ఆయన పేపరు మడిచాడు.

ఫిరంగి పేలింది. ఉడుం పడింది. కెప్టెన్ రాతికత్తి పట్టుకుని దాని మీదికి వంగాడు. అంతకుముందే ఉడుం తన గోడు చెప్పుకుంది, నేను దాన్ని తెలుగు చేసి ఉన్నాను: ఆ సెస్టస్ మాది, మీరే మా జాగలకొచ్చి దిగిండ్రు, మేము కొట్టక ఏం చేస్తం? ఇప్పుడు కెప్టెన్ కత్తి ఆగింది. చంపను, అన్నాడు, అది తన జాగ కాపాడుకున్నదేమో.

గదిలో ఎవరూ ఆపు అనలేదు. ఆ సమయంలో నా చూపు చాట వైపు పోయింది. ఆకు పరిచి ఉంది, తంబాకు జల్లి ఉంది, చెయ్యి ఆగి ఉంది.

తరువాత మెట్రాన్ వచ్చాడు. చూడటానికి పడుచు పిల్లగాడు, వయసేమో పదిహేను వందల ఏండ్లు. మీలో కూడా దయ ఉంది, ఆశ ఉంది అని కెప్టెన్‌ను మెచ్చుకున్నాడు.

"గీడే పెద్దమనిషి?" అంది అవ్వ.

"అవునవ్వా."

"పెద్దమనిషైతే ఇద్దర్ని కూసోబెట్టి అడగాలె. జాగ ఎవనిది, ముందుగాల ఎవడొచ్చిండు, పట్టా ఎవని పేరు మీదున్నది? గుట్టల మీద ఇడిసిపెట్టి కొట్టుకొని సావుండ్రంటడా? పదిహేను వందల ఏండ్లు ఏం పంచాదులు చెప్పిండు వీడు?"

"కెప్టెన్ ఇడిసిపెట్టిండు గదనే."

"వాడు ఇడిసిపెట్టిండు. జాగ సంగతేమైంది?"

నిజంగానే తేలలేదు. ఆ స్క్రిప్టు రాసినాయన జీన్ కూన్. ఆయన్ను అడగాల్సిన ప్రశ్నను అవ్వ ఇప్పుడు నా మొహాన అడిగింది. రాసినోడు చెప్పలేదవ్వా అన్నాను. నువ్వే సరిగ్గ చెప్పలేదు అంది.

మేనల్లుడు మార్కులు కూడాడు. మామ లెక్కలో నాలుగు, బావ లెక్కలో మూడున్నర, నేను ఐదు వేశాను. "అమ్మమ్మా, నువ్వెన్ని ఏస్తవు?"

అవ్వకు వినబడలేదు. కట్టలు ఎంచుకుంటోంది. ఒక కట్టను చేతిలో పట్టి చూసింది, విప్పింది, మళ్లీ ఎంచింది.

"ఇరవై నాలుగేనా?" అని చాట అటూ ఇటూ వెతికి, "ఎక్కడ తప్పిన?" అంది.