క్లచ్చు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “బండి మంచిగున్నది సార్, క్లచ్చొక్కటి ఏసుకుంటె అయిపాయె.”

అవతారిక: నరసింహ శతకకర్త శేషప్ప కవి ఊరు ధర్మపురి. అక్కడ పద్యానికి టీక చెప్పే పండితులకు కొదవ లేదు గాని, పాత స్కార్పియో అమ్మేవాడి ఈ మహావాక్యాన్ని మాత్రం ఎవరూ వ్యాఖ్యానించిన జాడ లేదు. ఆ లోటు తీర్చడమే ఇక్కడి ప్రయోజనం.

టీక: బండి = కడిగి పాలిష్ పెట్టినది; మంచిగున్నది = నిలబడి ఉన్నంతసేపు; క్లచ్చు = ఇంజన్ మొదలు వెనక చక్రం దాకా గల సమస్త దోషాలకు ఉపలక్షణం; ఒక్కటి = బహువచనార్థంలో ఏకవచనం; ఏసుకుంటె = కొన్నవాడి డబ్బుతో; అయిపాయె = అమ్మినవాడి పని.

తాత్పర్యం: 2002లో మార్కెట్లోకి వచ్చిన స్కార్పియోల్లో ఎక్కువ భాగం వెనక చక్రాలతో నడిచేవే. ఇంజన్ బలం క్లచ్చు, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్ దాటితే గాని చక్రానికి అందదు. వీటిలో ఏది చెడ్డా నేరం క్లచ్చు మీద పడుతుంది, పాపం. కాని దేని లక్షణం దానికి వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తూ వేగం పెరగకపోతే క్లచ్చు ప్లేటు జారుతున్నట్టు. న్యూట్రల్‌లో వినిపించే రొద పెడల్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్సు ఇన్‌పుట్ బేరింగ్‌ను అనుమానించాలి; తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్‌ను. ఒక్క గేరే గరగరలాడితే ఆ గేరు సింక్రో రింగు అరిగింది. అన్ని గేర్లూ మొరాయిస్తే క్లచ్చు పూర్తిగా విడటం లేదు. అప్పుడు ముందు చూడాల్సింది క్లచ్చు సిలిండర్లను, వాటి ఆయిల్‌ను. కదిలేటప్పుడు టక్కుమంటే షాఫ్టు క్రాసు. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా ఊళ మారితే వెనక క్రౌన్ పినియన్. కాబట్టి దోషానికి పేరు పెట్టాల్సింది పరీక్షించాకే.

పూర్వపక్షం: “ముందు క్లచ్చు మార్చి చూద్దాం, పోయేదేముంది?” పోయేది మజూరీ. గేర్‌బాక్సు దించితే గాని ప్లేటు చేతికి రాదు. తప్పు వేరే చోట ఉంటే అదే పెట్టెను మళ్లీ దించాలి. పైగా ఇంజన్ వెనక సీలు కారి పాత ప్లేటు తడిసి ఉంటే, సీలు మార్చకుండా వేసిన కొత్త ప్లేటుకూ అదే గతి. మరొకరంటారు, “గేర్‌బాక్సులో చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు పోతుంది” అని. పోదు, దాక్కుంటుంది. చలి పొద్దున గేరు బిగుసుకుంటుంది, పెట్టె వేడెక్కాక రొద మళ్లీ బయటపడుతుంది. ఇంతలో బేరం ముగిసి ఉంటుంది, ఈ చిట్కా ఉద్దేశమూ అదే. అదే ఆయిల్‌ను కాస్త దింపి చూస్తే నిజం బయటపడుతుంది: పసుపు పొడి మెరిస్తే సింక్రో రింగులు, ఉక్కు రేకులు తేలితే పళ్లో బేరింగులో. “పాత బండికి ఇంత తర్కమెందుకు?” అనేవారూ ఉన్నారు. కొత్త బండికి వారంటీ ఉంటుంది. దీనికి ఈ తర్కం తప్ప మరో దిక్కు లేదు.

విశేషాంశం: ధర్మపురి వీధుల్లో ఒక చుట్టు తిప్పితే ఏ దోషమూ బయటపడదు. నిండా మనుషుల్ని ఎక్కించుకుని కొండగట్టు ఘాటు ఎక్కించండి, దిగేటప్పుడు కిటికీ అద్దాలు దించి వినండి. అందుకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే బయానా ఇవ్వకండి.