తాళం మనది, గొళ్లెం దేవుడిది

మన దగ్గర ఇంటికి తాళం వెయ్యడమంటే ఊళ్లో దండోరా వేయించడమే. తలుపుకు అరచేతి మందాన తాళం కప్ప వేలాడుతోందంటే లోపల ఎవరూ లేరని అర్థం. మంచివాడు అది చూసి వెనక్కి పోతాడు. రెండోవాడు కూడా వెనక్కే పోతాడు, రాత్రికి రావడానికి.

ఆ రెండోవాడికి రెక్కీ శ్రమ లేకుండా మన మూడు జిల్లాలూ తలో చెయ్యి వేస్తాయి. జనగామ నుంచి హైదరాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగి పొద్దున ఏ రైలెక్కుతాడో, రాత్రి ఏ రైలు దిగుతాడో టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా చెప్తారు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి ఈ వారం ఏ షిఫ్టు పడిందో గల్లీ మొత్తానికి తెలుసు. మానుకోటలో మిర్చి బస్తాలు లోడై వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారి పట్టాయంటే, ఆ ఇంటి పెద్దమనిషి ఈ రాత్రికి రాడని వాడకట్టంతా ఎరుకే. దసరాకూ సంక్రాంతికీ పోలీసులు ఏటా మొత్తుకుంటారు: ఊరికి పోతే స్టేషన్‌లో చెప్పి పొండని. మనం స్టేషన్‌లో చెప్పం. వాట్సాప్ స్టేటస్‌లో పెడతాం, కుటుంబ సమేతంగా, నవ్వుతూ.

రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే మరీ సుఖం. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్న బెల్లాన్ని మనం బంగారం అంటాం కదా. నిలువెత్తు బంగారం తూకం వేయించి, నెత్తిన పెట్టుకుని, జంపన్న వాగు దాటి గద్దెల దాకా భద్రంగా మోస్తాం. అసలు బంగారం ఇంట్లో బీరువాలో ఉంటుంది. బీరువా తాళంచెవి బీరువా మీద ఉంటుంది.

అట్లాగని మనకు జాగ్రత్త లేదని కాదు. హార్డ్‌వేర్ షాపుకు పోయి, లివర్లెన్నో అడగనిదే తాళం కొనం. "గిది ఏడు లివర్లది సార్, ఎవ్వని తరం గాదు" అని షాపాయన అంటే మన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. అలీగఢ్‌దో, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్‌దో, లేకుంటే అర్దేశిర్ గోద్రెజ్ అనే లాయరు వకాలత్ వదిలి 1897లో బొంబాయిలో పెట్టిన కంపెనీదో, మొత్తానికి మంచిదే తెస్తాం. తెచ్చి తగిలించేది మాత్రం ఇల్లు కట్టిన నాటి పల్చటి గొళ్లేనికి. దాన్ని పట్టుకున్నవి నాలుగు స్క్రూలు. వాటి తలలు కూడా బయటివైపే.

లండన్‌లో బ్రామా అనే తాళాల కంపెనీ, మా తాళం తీసినవాడికి 200 గిన్నీలు ఇస్తామని షాపు అద్దంలో సవాలు పెట్టింది. దశాబ్దాల పాటు ఎవడూ గెలవలేదు. 1851లో హాబ్స్ అనే అమెరికా ఆయన వచ్చి, 16 రోజుల్లో 51 గంటలు కుస్తీ పట్టి తీశాడు. అంత ఓపిక మన దొంగకెందుకు? మూరెడు ఇనుప రాడ్డు తెస్తాడు, గొళ్లెం ఊడబెరుకుతాడు. ఏడు లివర్ల తాళం ఏడు లివర్లతోనూ క్షేమంగా గడప పక్కన పడి ఉంటుంది. తాళం వేసితిని, గొళ్లెం మరచితిని అని పెద్దలు ఎప్పుడో సామెత కట్టినా మనం ఇంకా లివర్ల లెక్కలోనే ఉన్నాం.

దొంగలు పడ్డాక తాళాలు బాగుచేసే ఆయన గుర్తొస్తాడు. ఆయన వచ్చి, మన డోర్ లాకును ఇట్టే విప్పితే మనకు రెండు అనుమానాలు. ఇంత సులువైన పనికి ఇన్ని పైసలెందుకన్నది ఒకటి. ఇంత సులువుగా విప్పినవాణ్ని ఇంట్లోకి ఎందుకు రానిచ్చామన్నది రెండోది. ఆయన పాపం నిజమే చెప్తాడు: "లాక్ మంచిగనే ఉంది సార్. సిలిండర్ ఒక్కటి మారిస్తె సరిపోతది. లేకుంటె లోపలి పిన్నులు మార్చి కొత్త చావి చేస్త, పాత చావి పన్జెయ్యది." అంత తక్కువ ఖర్చుతో పోయేదాన్ని మనం నమ్ముతామా? మొత్తం పీకి కొత్తది బిగించమంటాం. కొత్త లాకు పాత రంధ్రంలో కూర్చోదు. కార్పెంటర్ వస్తాడు, ఆయన వెనుక పాలిష్ ఆయన వస్తాడు. గొళ్లెం మాత్రం పాతదే.

ఇంతా చేసి, ఆ తాళానికి ఎన్ని చెవులున్నాయో ఎవరూ లెక్కపెట్టరు. ఒకటి మన దగ్గర, ఒకటి బామ్మర్ది దగ్గర. ఒకటి మీటర్ బాక్సులో ఉంటుంది, పాలాయనకూ పేపరాయనకూ తెలిసేటట్టు. సిమ్ కార్డు కావాలంటే ఆధార్, రేషన్ బియ్యానికి వేలిముద్ర, గ్యాసు సబ్సిడీకి కేవైసీ అడిగే దేశంలో, ఎవరి ఇంటిదో తెలియని తాళంచెవికి డూప్లికేట్ చేయించడానికి నాలుగు పైసలుంటే చాలు. "గిది ఎవరింటిది?" అని అడిగితే గిరాకీ పోతుంది మరి.

కిరాయి ఇళ్ల సంగతి ఇంకా ముచ్చటైనది. టు-లెట్ బోర్డు చూసి పోతే ఓనర్ సారు అడగని ప్రశ్న ఉండదు. ఏం తింటారు, చుట్టాలెందరొస్తారు, మోటారు ఎన్నిసార్లేస్తారు. ఖాళీ చేసేటప్పుడు గోడ గోడకూ తిరిగి మేకులు లెక్కపెట్టి అడ్వాన్సులో కోస్తారు. పోయినాయన దగ్గర తాళంచెవులు ఎన్ని ఉండిపోయాయో మాత్రం అడగరు. కొత్త కిరాయిదారుకు కొత్త సున్నం దొరుకుతుంది, పాత తాళమే దొరుకుతుంది.

ఓనర్లకు తాళం విలువ తెలియదనుకునేరు. 2024 అక్టోబరులో దసరా సెలవులు అయిపోయి పెట్టెలతో వచ్చిన గురుకులాల పిల్లలకు రాష్ట్రంలో చాలాచోట్ల గేట్లకు తాళాలు కనబడ్డాయి. నెలల తరబడి కిరాయి రాలేదని అద్దె భవనాల యజమానులు వేసినవవి. కేసులు పెడతామని సర్కారు గద్దించింది. బకాయిల సంగతి మాత్రం తాళాలు పడ్డాకే ఊరందరికీ తెలిసింది. అంటే కిరాయి ఆగితే తాళం వెయ్యాలని ఓనర్లకు బాగా తెలుసు. కిరాయిదారు మారితే తాళం మార్చాలన్నదే ఎంతకూ తట్టదు.

అందుకే కొత్తగా ఇంట్లో దిగేవారికి ఒక మనవి. పాలు పొంగించే రోజే సిలిండర్ మార్పించుకోండి. గ్యాసుది కాదు, తలుపుది. ఆ చేత్తోనే గొళ్లేనికి స్క్రూల బదులు తలుపు అవతలిదాకా పోయే బోల్టులు వేయించండి. ఖర్చెవరిదని ఓనర్ అడిగితే, రేపు మీరు కొట్టబోయే మేకుల ఖాతాలో రాసుకోమనండి.